అరుంధతీ దర్శనము

మన వివాహములలో అరుంధతీ దర్శనమను నాచారము కలదు. మాంగల్యధారణమైన పిమ్మట పురోహితుడు వధూవరులను వాకిటికి దెచ్చి, ఉత్తరపు దిక్కున సప్తర్షిమండలమును జూపి, అందు వసిష్ఠుని ప్రక్కనున్న చిన్న చుక్కను జూపి, “అరుంధతి కనబడినదా, అమ్మా?” అని యడుగును. వధువు తల వంచి “కనబడినది” అనును. ఆ మాటతో తంతు ముగియును. ఆమెకు నిజముగా కనబడినదా లేదా యని యడిగినవారిని మేమింతవరకు చూడలేదు.

గడచిన వైశాఖమున మా దేవరాపల్లిలో బంధువుల యింట వివాహము జరిగినది. ముహూర్తము పగలు పదునొకండు గంటలకు. పందిరి వెలుపల కాలు మోపినచో బొబ్బలెక్కునట్టి యెండ. పురోహితుడు యథావిధిగా ఆకాశమువైపు వ్రేలు చూపెను. వధువు కన్నులు చిట్లించి “కనబడినది” అనెను. అందరును నవ్విరి. మేమును నవ్వితిమి. పదుమూడేండ్ల మా అమ్మాయి మాత్రము నవ్వలేదు. ఇంటికి వచ్చు దారిలో, “అమ్మా, పట్టపగలు చుక్క యెట్లు కనబడును? కనబడలేదని చెప్పినచో నేమగును?” అని యడిగెను. ఆచారమని చెప్పి తప్పించుకొంటిమి. నిజముగా సమాధానము చెప్పలేకపోవుటకు వేరొక కారణము కలదు. దానినే యీ వ్యాసమున విన్నవించుచున్నాము.

మా వివాహము రాత్రి ముహూర్తమున జరిగినది. ఆకాశము నిర్మలముగా నుండెను. అరుంధతి తన చోటనే యుండియుండును. కాని మాకు కనబడలేదు. అరుంధతి మాత్రమే కాదు, వసిష్ఠుడును కనబడలేదు. బాల్యమునుండియు మా చూపు దగ్గరి వస్తువులకే పరిమితము. మా తండ్రిగారు మమ్ము బడికి పంపక, యింటనే అరుగుమీద కూర్చుండబెట్టి, అమరకోశమును కావ్యములను భాగవతమును చదివించిరి. పుస్తకమును ముక్కుకు తగులునంత దగ్గరగా బట్టి చదువుటను చూచినవారు శ్రద్ధ యనుకొనిరే గాని దోషమనుకొనలేదు. ధ్రువుని కథ, త్రిశంకుని కథ, కృత్తికల కథ మాకు కంఠస్థములు. ఆ కథలలోని చుక్కలన్నియు మాకు పుస్తకములలోనివే. ఆకాశమున మాకు కనబడునది బూడిదరంగు పొగమంచు. అందరికిని అంతేయని నమ్మియుంటిమి.

పెండ్లిచూపులకు ముందు మా తల్లిగారికి అనుమానము కలిగినది. అయినను కళ్ళజోడు పెట్టుకొన్న పిల్లకు సంబంధము కుదరదను భయముచేత, “ఎవరేమి చూపినను చూచితినని చెప్పవే” యని నేర్పిరి. ఆమెను తప్పుపట్టుట లేదు. ఆమె కాలమునకు అదియే వివేకము. ఆ విధముగా మా గృహస్థాశ్రమము ఒక చిన్న యబద్ధముతో ఆరంభమైనది.

ఆ యబద్ధమును కనిపెట్టినవారు మావారు. వారు బడిపంతులు గనుక, పిల్లలలో ఎవరికి నల్లబల్ల కనబడుట లేదో ముఖము చూచియే చెప్పగలరు. మేము చేటలోని బియ్యమును ముఖమునకు చేరబట్టి రాళ్ళేరుట చూచి, ఏమియు ననక, ఒకనాడు విశాఖపట్టణమునకు తీసికొనిపోయి కళ్ళజోడు పెట్టించిరి. ఆ రాత్రి యింటి పెరటిలో మేము తలయెత్తి చూచిన క్షణము నేటికిని మరపునకు రాదు. పొగమంచు తొలగి చుక్కలు పొడిచినవి. ఒక్కొక్కటి సూదిమొనవలె నుండెను. వసిష్ఠుని ప్రక్కన అరుంధతి యుండెను. వివాహమైన నాలుగవయేట మాకు అరుంధతీ దర్శనమైనది.

ఇట్టి యనుభవము గలిగిన మేము, మా అమ్మాయి విషయమున నేమి చేసితిమో చెప్పుటకు సిగ్గుపడుచున్నాము. ఈ యేడు జ్యేష్ఠమున బడులు తెరచినది మొదలు ఆమె లెక్కలలో తప్పులు చేయసాగెను. నల్లబల్లమీది అంకెలను ప్రక్కపిల్ల పుస్తకము చూచి వ్రాసికొనుచున్నదని తెలిసెను. మావారు కళ్ళజోడు మాటయెత్తగా మా అత్తగారు, “ఇప్పటినుండి అద్దములు తగిలించినచో రేపు దాని కెవ్వరు కుదురుదురు? కరివేపాకు, మునగాకు పెట్టుడు, అదియే తగ్గును” అనిరి. ఆమె మనుమరాలి మేలుకోరియే అనిరి. మేము మాటలాడవలసిన సమయమున మాటలాడలేదు. ఆకుకూరలు వండుచు రెండు మాసములు గడపితిమి. ఆకుకూరలు దేహమునకు మంచివే. కాని వంకరయైన చూపును అవి సరిచేయలేవని మాకు తెలియును. తెలిసియు ఊరకుంటిమి. నాడు మా తల్లిగారు చేసినపనినే నేడు మేమును చేసితిమి.

ఇట్లుండగా శ్రావణము వచ్చినది. 2023వ సంవత్సరము ఆగష్టు 23వ తేదీన మన చంద్రయాన్ చంద్రునిపై దిగినందున, ఆనాటిని జాతీయ అంతరిక్ష దినముగా బడులలో జరుపుచున్నారు. పిల్లలకు చూపుటకై మావారు అంతరిక్షమునందలి దూరదర్శినులు తీసిన చిత్రములను పెద్దవిగా అచ్చువేయించి తెచ్చిరి. ఆ సాయంత్రము రైవాడ జలాశయము వైపునుండి చల్లనిగాలి వీచుచుండెను. మా అత్తగారు వసారాలో కూర్చుండి చింతపండు గింజలు తీయుచుండిరి. మావారు చిత్రములను చాపపై పరచి అమ్మాయికి చెప్పుచుండగా మేమందరము చేరితిమి.

“దూరదర్శినిని అంత యెత్తునకు పంపుట యెందుకురా, అబ్బాయీ? కొండమీద పెట్టుకొనిన చాలదా?” అని మా అత్తగారు మొదటి ప్రశ్న వేసిరి. మంచి ప్రశ్నయే. బావినీరు కదలుచున్నప్పుడు అడుగున పడిన గిన్నె వంకరలు పోవుచు అల్లలాడినట్లు కనబడుటను మనమెరుగుదుము. మనము గాలి యను బావి యడుగున నిలచి పైకి చూచుచున్నాము. చుక్కలు మినుకుమినుకుమనుటకు కారణము చుక్కలు కాదు, ఈ గాలియే. అంతియే గాక, నక్షత్రములనుండి వచ్చు కిరణములలో పెక్కింటిని, ముఖ్యముగా ఎక్సుకిరణములను, అతినీలలోహిత కిరణములలో అధికభాగమును గాలి అడ్డగించును. అది మన ప్రాణములకు మేలు. జ్యోతిశ్శాస్త్రజ్ఞులకు మాత్రము కన్నులకు గంతలు కట్టినట్లే. అందుచేత గాలిని దాటి పోవలసివచ్చినది.

అట్లు పోయినవానిలో ప్రసిద్ధమైనది హబుల్ దూరదర్శిని. అమెరికాలో నాసా సంస్థయందు జ్యోతిశ్శాస్త్ర విభాగమునకు తొలి యధికారిణియైన నాన్సీ రోమన్ అను విదుషి యెన్నో యేండ్లు పట్టుపట్టి దీని నిర్మాణమునకు దారి తీసెను. అందుచేత ఆమెను హబుల్‌కు తల్లియందురు. 1990వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన అది పైకెగసినది. దాని దర్పణము వెడల్పు 2.4 మీటర్లు. ప్రపంచమంతయు కాచుకొని యుండగా మొదటి చిత్రములు వచ్చినవి. చూడగా అవి మసక! దర్పణపు అంచు ఉండవలసినదానికంటె వెండ్రుకమందములో ఏబదవవంతు పల్లమైనది. నునుపు చేయునప్పుడు కొలుచుటకు వాడిన పరికరములోనే ఒక కటకము 1.3 మిల్లీమీటర్లు తప్పుగా అమరినది. కొలబద్దయే తప్పినచో వస్త్రము సరిగా నెట్లుండును? ఇందులో విచారింపదగిన విషయ మొకటి కలదు. వేరు పరీక్షలు కొన్ని దోషమున్నదని ముందే సూచించినవట. వానిని లెక్కచేయక సరిగానున్నదనుకొని పంపిరి.

“ఎంత ధనము పోసిరో, చివరకు గ్రుడ్డిదానిని పంపిరా!” అని మా అత్తగారు చింతపండు వదలి కూర్చుండిరి. “మరి తరువాత నేమి చేసిరి?”

“కళ్ళజోడు పెట్టిరి, అమ్మా” అని మావారనిరి.

అది చమత్కారపు మాట కాదు, జరిగిన సంగతియే. 1993 డిసెంబరులో ఏడుగురు వ్యోమగాములు వెళ్ళి, ఐదుమారులు నౌక వెలుపలికి వచ్చి, ఆ దూరదర్శినిని బాగుచేసిరి. చిత్రములు తీయు కొత్త పరికరములోనే సవరణ చేసి పంపిరి. తక్కిన పరికరముల ముందు చిన్న దర్పణములు గల ఒక పెట్టెను అమర్చిరి. ఆ పెట్టెను చేతులతో పట్టి అమర్చిన యిద్దరిలో ఒకరు కాథరిన్ థార్న్‌టన్ అను స్త్రీ. మా చూపుదోషమును హబుల్ దోషమును ఒకే జాతివి కావు. కాని రెంటి ఫలమును మసకయే, రెంటికిని మందు అద్దమే.

మా అమ్మాయి తలవంచుకొని వినుచుండెను. మేము మా అత్తగారి ముఖమును చూడలేక చిత్రములవైపు చూచుచుంటిమి.

కళ్ళజోడు వచ్చిన రెండేండ్లకు హబుల్ చేసిన పనియే మాకన్నింటికంటె నద్భుతముగా తోచినది. 1995 డిసెంబరులో శాస్త్రజ్ఞులు దానిని ఆకాశమున ఏమియు లేని యొక చోటికి త్రిప్పి పదిదినములు చూపించిరి. ఆ చోటు చాచిన చేతిలోని యిసుకరేణువు కప్పునంతటిది. శూన్యమును చూచుటకు అంత కాలమెందుకని కొందరు పెద్దలు వలదనిరట. పదిదినముల వెలుగును కూర్చి చూడగా, ఆ రేణువంత చోట సుమారు మూడువేల నక్షత్రమండలములు కనబడినవి. ఒక్కొక్క దానిలో కోట్లకొలది సూర్యులు. ఆ చోటు ఎచటనున్నదో తెలియునా, సోదరీమణులారా? మన సప్తర్షిమండలమునందే! అరుంధతిని చూపు పురోహితుని వ్రేలు ఆకాశమున ఆ వైపునకే తిరిగియుండును.

నక్షత్రమండలమనగా నేమో యొకమాట చెప్పవలెను. వినాయకచవితినాడు దేవునిపైన మనము కట్టు పాలవెల్లి పేరు ఆకాశమునందలి పాలవెల్లిదే. ఆ తెల్లని చార మనమున్న నక్షత్రమండలము. మన సూర్యుడు అందొక చిన్న దీపము. కార్తికమాసపు రాత్రులలో ఉత్తరాభాద్ర దాపున దేవయానియను మరియొక మండలము మచ్చవలె కనబడును. దాని వెలుగు మనల చేరుటకు 25 లక్షల యేండ్లు పట్టును. కృత్తికాదీపములు పెట్టుటకు వాకిట నిలచినప్పుడు తలయెత్తి వెదకుడు. కళ్ళజోడు లేని కాలమున మేము పోగొట్టుకొన్నవానిలో అదియు నొకటి.

ఇక నీహారికలు. మార్గశిరమున తూర్పున ఉదయించు మృగవ్యాధుని వొరలో మసకగా కనబడునది చుక్క కాదు, ధూళియు వాయువులును కూడిన మేఘము. సుమారు 1,300 కాంతి సంవత్సరముల దూరమున అందు క్రొత్త నక్షత్రములు పుట్టుచున్నవి. అది పురిటిగది వంటిది. పురిటిగదికి తెరయున్నట్లు ధూళి దానిని కప్పియుండును. ఆ తెర దాటి చూడగలది పరారుణ కిరణము. దానిని పట్టుకొనుటకే 2021వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన జేమ్స్ వెబ్ దూరదర్శినిని పంపిరి. అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున నున్నది. తేనెపట్టు గదులవలె ఆరుమూలలుగల 18 దర్పణములను కూర్చి 6.5 మీటర్ల వెడల్పు దర్పణముగా చేసిరి. దానిపై బంగారుపూత పూసిరి.

బంగారమనగానే మా అత్తగారు, “ఎంత?” అని యడిగిరి. మొత్తము 48 గ్రాములు. ఆరు కాసులు! “ఆరు కాసులతో సృష్టినంతయు చూచుచున్నారా! మన పెట్టెలోనిది దేనికిని పనికిరాకున్నది” అని ఆమె యనగా అందరమును నవ్వితిమి.

అంతలో మా అమ్మాయి, “నాన్నా, ఇవి కంటికి కనబడని కిరణములైనచో బొమ్మలో ఈ రంగులెట్లు వచ్చినవి? కనబడనిదానిని కనబడినదని చెప్పుట కాదా?” అని యడిగెను. ఆమె మనసులో వైశాఖపు ప్రశ్నయే యింకను నున్నదని మేము గ్రహించితిమి. మావారు కొంతసేపు ఆలోచించి చెప్పిరి. చెవితో వినవలసిన రాగమును కాగితముపై సరిగమలుగా వ్రాసికొనుట కలదు. అక్షరము పాట కాదు. అయినను కల్ల కాదు, ఎరిగినవారు చదివి పాడుకొందురు. అట్లే పొడవైన తరంగమునకు ఎరుపు, కురుచదానికి నీలము అని నియమము పెట్టుకొని చిత్రింతురు. దేనిని ఏ రంగుతో చూపిరో ముందే చెప్పుదురు. చెప్పి చూపునది అబద్ధము కాదు, చూడక చూచితిననుటయే అబద్ధము. ఆ మాట మాకు సూటిగా తగిలినది.

ఇవి యన్నియు పరదేశములవారి ఘనతలే యనుకొనవలదు. మన శ్రీహరికోట నుండి 2015వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన ఆస్ట్రోశాట్ అను దూరదర్శినీ నౌక పైకి పోయినది. అతినీలలోహిత కిరణములను, ఎక్సుకిరణములను ఏకకాలమున చూడగలుగునట్లు దానిని నిర్మించిరి. 930 కోట్ల కాంతి సంవత్సరముల దూరమునందలి యొక నక్షత్రమండలపు అతినీలలోహిత కాంతిని అది పట్టుకొన్నదని 2020లో ప్రకటించిరి. వృషభరాశిలో 1054వ సంవత్సరమున చీనావారు చూచి వ్రాసికొన్న ప్రేలుడు శిథిలములను గూడ అది పరీక్షించినది. ఆ శిథిలముల నడుమ ఇరువది కిలోమీటర్ల వెడల్పున నున్న యొక చుక్క, మన సూర్యునికంటె బరువైనది, క్షణమునకు ముప్పదిమారులు గిరగిర తిరుగుచున్నది! ఇట్టి తిరుగుడు చుక్కలను 1967లో మొదట గుర్తించినది జోసెలిన్ బెల్ అను విద్యార్థిని. కొలతల కాగితములలో ఒక చిన్న గీతను చూచి, అది యేమియు కాదని త్రోసివేయక, పట్టుదలతో వెదకెను. 1974లో నోబెల్ బహుమానము మాత్రము ఆమె గురువుగారికి వచ్చెను.

మన విశాఖపట్టణమును మరువరాదు. అచట 1840లోనే గోడె వెంకట జగ్గారావుగారు తమ సొంత ధనముతో వేధశాల నెలకొల్పిరి. అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని పెంచి, 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను అచటనుండి చూచిరి. వారి యనంతరము భార్య అచ్చయ్యమ్మగారు వేధశాలను కాపాడి ప్రభుత్వమున కప్పగించిరి. విశాఖలో మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల పేరు వినని వారుండరు. ఆ మిసెస్ ఎవరని యడిగినవారు తక్కువ. ఆమెయే యీ అచ్చయ్యమ్మగారు. చుక్కలను చూచు కంటిని కాపాడిన యిల్లాలి పేరు మన కంటికి కనబడకయే యున్నది.

నాటి రాత్రి భోజనములైన పిదప మేము అత్తగారి కడ కూర్చుండి, మా వివాహమునాడు మాకు అరుంధతి కనబడలేదని, కనబడినదని యబద్ధమాడితిమని, పిల్ల విషయమున గూడ తెలిసియు ఊరకుంటిమని చెప్పితిమి. ఆమె కోపింపలేదు. కొంతసేపటికి, “రేపే తీసికొనిపొండు. కాని పెండ్లిచూపులనాడు మాత్రము తీసివేయవలెను సుమా” అనిరి. మేము మొదటిసారి ఆమె మాటకు ఎదురుచెప్పితిమి. “అత్తయ్యగారూ, ఆనాడే పెట్టుకొనవలెను. వచ్చినవానిని అది సరిగా చూడవలదా?” అంటిమి. ఆమె నవ్వి ఊరకుండిరి.

వినాయకచవితి వెళ్ళిన మూడవనాటికి కళ్ళజోడు వచ్చినది. వాన వెలసిన సాయంకాలము, దీపములు పెట్టిన వేళ, వాయవ్యమున సప్తర్షులు క్రిందికి దిగుచుండిరి. అమ్మాయి చాలసేపు ఏమియు మాటలాడక చూచెను. పిమ్మట, “అమ్మా, రెండున్నవి. ప్రక్కన చిన్నది కూడ నున్నది” అనెను. మావారు, వసిష్ఠుడనునది నాలుగు నక్షత్రముల గుంపనియు, అరుంధతి రెండనియు, అన్నియు కలసి ఆరనియు, వాని వెలుగు ఎనుబది యేండ్లకు పైగా ప్రయాణముచేసి వచ్చినదనియు చెప్పిరి. “ఉమ్మడి కుటుంబమన్నమాట! నేను పుట్టకముందు బయలుదేరిన వెలుగన్నమాట!” అని అత్తగారు వాకిటి మెట్టు దిగి తలయెత్తిరి. చేయి కన్నులకు అడ్డుపెట్టుకొని చూచిరి.

“మామ్మా, కనబడినదా?” అని అమ్మాయి యడిగెను.

ఆమె చాలసేపు చూచి, “లేదమ్మా, కనబడలేదు” అనిరి. మరల మెల్లగా, “నా పెండ్లినాడును కనబడలేదు. కనబడినదంటిని” అనిరి.

మరుసటి వారము ఆమెను కంటి వైద్యునికి చూపితిమి. శుక్లము ముదురుచున్నదని చెప్పిరి. కార్తికము లోపల శస్త్రచికిత్స చేయింప నిశ్చయించితిమి.

సోదరీమణులారా! మీ బిడ్డ పుస్తకమును ముఖమునకు చేర్చి చదువుచున్నదా, దూరపు వస్తువును చూచునప్పుడు కన్నులు చిట్లించుచున్నదా, నల్లబల్ల విడచి ప్రక్కవారి పుస్తకము చూచి వ్రాయుచున్నదా, గమనింపుడు. సంబంధము కొరకు చూపును దాచిపెట్టవలదు. హబుల్ కళ్ళజోడు పెట్టుకొన్నందుకు దాని గౌరవము తగ్గలేదు. పెట్టుకొన్న తరువాతనే గదా శూన్యమున మూడువేల లోకములను చూపినది. ఏనాడైన మా యింటి ముంగిట పందిరి వేసి, పురోహితుడు వ్రేలు చూపి యడిగినచో, కనబడినదేని కనబడినదనియు, లేదేని లేదనియు చెప్పుమని మా అమ్మాయికి చెప్పియున్నాము. ముహూర్తము రాత్రికి పెట్టించుట మా వంతు.